కాలి డీఎస్‌ఏలో (డై ఇచ్చి, ఎముకల నీడ తీసివేసి రక్తనాళాలు చూపే ఎక్స్‌రేలో) పాదం దగ్గర బొమ్మ చెదురుతోంది, ఎక్కడ చూసుకోవాలి?

క్యాథ్‌ల్యాబ్_టెక్:
మోకాలి దాకా బొమ్మ శుభ్రంగా వస్తోంది. చీలమండ దాటాక ఎముకల అంచుల వెంట నల్ల గీత, తెల్ల గీత జంటగా కనబడుతున్నాయి. నాళం మధ్యలో తెగినట్టుంటోంది. ఎక్స్‌రే వోల్టేజి 70 కేవీ, సెకనుకు 2 ఫ్రేములు. కేవీ పెంచాలా?

రేడియోగ్రాఫర్:
కేవీ జోలికి వెళ్లకండి. డైలోని అయోడిన్ కె-ఎడ్జ్ (ఎక్స్‌రేలను ఒక్కసారిగా ఎక్కువ పీల్చుకునే శక్తి స్థాయి) 33.2 కేఈవీ, కాబట్టి కేవీ పెంచితే డై ఇంకా పలచగా కనిపిస్తుంది. జంట గీతలంటే కాలు కదిలినట్టే. డై రాకముందు తీసి, తర్వాతి ఫ్రేముల నుంచి తీసివేసే మాస్క్ బొమ్మకీ, డై నిండిన ఫ్రేముకీ మధ్య పాదం కాస్త జరిగినా ఎముక పూర్తిగా చెరిగిపోదు. ముందు మాస్క్ మార్చి చూడండి, డై చేరడానికి సరిగ్గా ముందున్న ఫ్రేము తీసుకోండి. తర్వాతే పిక్సెల్ షిఫ్ట్. అది మాస్క్ బొమ్మ మొత్తాన్ని ఒకే వైపు జరుపుతుంది, పాదం మెలి తిరిగితే ఉపయోగపడదు.

ఐఆర్_డాక్టర్:
అసలు కాలు ఎందుకు కదులుతోందో చూడండి. డై లోపలికి వెళ్లగానే మంట పుడుతుంది. అయోడిక్సనాల్ అనే డై ఆస్మొలాలిటీ (కరిగిన కణాల గాఢత) సుమారు 290, రక్తంతో సమానం, దాంతో మంట తక్కువ. ఇంకొకటి, చాలామంది మరిచిపోయేది: పాదాన్ని కిందికి వంచి టేపు వేస్తే డోర్సాలిస్ పీడిస్ (పాదం పైభాగంలోని ధమని) నొక్కుకుపోయి, మూసుకుపోయినట్టే కనబడుతుంది. పాదాన్ని మామూలు భంగిమలో ఉంచి, ఇసుక సంచులు పెట్టి కట్టండి. మూసుకుపోయిందని రిపోర్టులో రాసేముందు సబ్‌ట్రాక్షన్ (మాస్క్ తీసివేత) చేయని మామూలు బొమ్మ కూడా తప్పక చూడాలి.

క్యాథ్‌ల్యాబ్_టెక్:
డై బృహద్ధమని నుంచే ఇస్తున్నాం. అది కూడా కారణమా?

ఐఆర్_డాక్టర్:
అవునండి, పాదం చేరేసరికి డై పలచబడిపోతుంది. కేథెటర్ కొన పాప్లిటియల్ (మోకాలి వెనక ధమని) దాకా దించండి, తక్కువ డైతోనే పని అవుతుంది. పైన అడ్డు ఉంటే పక్క నాళాల గుండా ఆలస్యంగా వస్తుంది, రన్ (వరుసగా ఫ్రేములు తీయడం) తొందరపడి ఆపకండి. స్పాజమ్ (నాళం బిగుసుకోవడం) అనుమానముంటే నాళాన్ని వదులు చేసే నైట్రోగ్లిజరిన్ 100–200 మైక్రోగ్రాములు కేథెటర్‌లోనే, బీపీ చూసుకుని.

రేడియోగ్రాఫర్:
కిడ్నీలు బాగోలేనివాళ్లకి తొడ దాకా అయోడిన్ డైకి బదులు కార్బన్ డై ఆక్సైడ్ గ్యాస్ వాడొచ్చు, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య పొర) కింద మాత్రమే, మెదడుకు వెళ్లే ధమనుల్లోకి ఎప్పుడూ వద్దు. ఇంజెక్షన్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య రెండు మూడు నిమిషాల విరామం ఇవ్వాలి. పాదానికొచ్చేసరికి గ్యాస్ ముక్కలు ముక్కలై నాళం తెగినట్టు చూపిస్తుంది, కాలు కాస్త ఎత్తిపెడితే నయం. అయినా సన్న నాళాలు తేలకపోతే అక్కడికి మాత్రం కొద్దిగా అయోడిన్ డై ఇవ్వండి.