కొట్లో కంప్యూటర్‌ని రౌటర్‌లో డీఎంజెడ్‌లో పెట్టారు, తీసేయాలా?

ఎరువులకొట్టు:
మాది తెనాలిలో ఎరువుల కొట్టు. రాత్రి గుంటూరులో ఇంటికొచ్చాక టాలీలో లెక్కలు చూసుకుందామని స్టాటిక్ ఐపీ (మారని నెట్ అడ్రస్) తీసుకున్నాం. నెట్ పెట్టిన కుర్రాడు కొట్టు కంప్యూటర్ ఐపీని రౌటర్‌లో డీఎంజెడ్ అని ఉన్న చోట వేసి, రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేసి వెళ్లాడు. బాగానే పనిచేస్తోంది. మా మేనల్లుడేమో చూసి, వెంటనే పీకేయమంటున్నాడు. మరీ అంత ప్రమాదమా?

లక్ష్మి_నెట్‌వర్క్:
ఈ పూటే తీసేయండి. బయటి నుంచి ఏ పోర్టుకి, అంటే నంబరున్న తలుపుకి, ఏం వచ్చినా, దానికి వేరే రూల్ లేకపోతే, నేరుగా మీ కంప్యూటర్ మీదికే తోసేయమని డీఎంజెడ్ అర్థం. ఇక అడ్డున్నది విండోస్ ఫైర్‌వాల్ ఒక్కటే. అందులోనూ రిమోట్ డెస్క్‌టాప్‌కి, అంటే 3389 పోర్టుకి, మీవాడే దారి తెరిచాడు. నా మాట నమ్మక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అందులో సెక్యూరిటీ తెరిచి, 4625 అని ఫిల్టర్ పెట్టి చూడండి. లాగిన్ కుదరని ప్రతి ప్రయత్నానికీ పడే నంబర్ అది.

శీను_సర్వీస్:
డీఎంజెడ్ అక్కర్లేదు, నిజమే. అలాగని మేడమ్ గారిలా భయపెట్టక్కర్లేదు. 3389 మార్చేసి 50 వేల పైన ఏదో ఒక పోర్టు పెట్టుకుని, అదొక్కటే ఫార్వర్డ్ చేస్తే చాలు. నేను ఎన్ని కొట్లకి ఇలా పెట్టానో, ఒక్కడికీ ఏం కాలేదు.

నల్గొండ_రవి:
బ్యాకప్ ఉందా?

లక్ష్మి_నెట్‌వర్క్:
శీను గారూ, ఉన్నవే 65,535 పోర్టులు. అన్నీ తడిమి చూడటం స్కానర్‌కి పెద్ద పని కాదు. పోర్టు మారిస్తే లాగ్‌లో రొద తగ్గుతుంది, అంతే. 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్ గుర్తుందా? పాస్‌వర్డ్ లేకుండానే రిమోట్ డెస్క్‌టాప్ గుండా లోపలికి వచ్చే లోపం. ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేసిన ఐదేళ్లకి కూడా మైక్రోసాఫ్ట్ దానికి ప్యాచ్ ఇచ్చింది. రౌటర్‌లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (బయటి నుంచి కొట్టు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) ఉంటే అది పెట్టుకోండి. సరైన కీ లేనివాడు తలుపు తడితే అది బదులే ఇవ్వదు.

శీను_సర్వీస్:
బ్లూకీప్ విండోస్ 7 దాకానే. 10కి లేదు. తెలియకపోతే రాయకండి.

లక్ష్మి_నెట్‌వర్క్:
10కి ఉందని నేనెక్కడ రాశాను? 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టే అయిపోయింది. రేపు అలాంటిదే ఇంకోటి బయటపడితే ప్యాచ్ ఎవరిస్తారు?

పాత_మోడెమ్:
ముందు రౌటర్‌లో వ్యాన్ ఐపీ, అంటే నెట్ వైపున్న ఐపీ, చూడమనండి. 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే సీజీనాట్ వెనక ఉన్నట్టు, అంటే ఒకే బయటి ఐపీని నెట్ కంపెనీ చాలామందికి పంచుతున్నట్టు. పోర్ట్ ఫార్వర్డ్ అసలు పనిచేయదు. మీ గొడవంతా దండగ.

ఎరువులకొట్టు:
స్టాటిక్ ఐపీ అని మొదటే రాశానండీ.

పాత_మోడెమ్:
అయినా ఒకసారి చూడండి.

ఎరువులకొట్టు:
లక్ష్మి గారు చెప్పిన 4625 చూశాను. పేజీల కొద్దీ ఉన్నాయి, నిన్న అర్ధరాత్రి కూడా ఆగలేదు. అకౌంట్ నేమ్ దగ్గర అడ్మినిస్ట్రేటర్, అడ్మిన్, టెస్ట్, స్కానర్, అకౌంట్స్... ఒకదాని తర్వాత ఒకటి. మా కొట్లో స్కానరే లేదు! ఇప్పుడు నిజంగా టెన్షన్‌గా ఉంది.

పాలమూరు_ఖాతాలు:
మా క్లయింట్ ఒకాయనకి ఇలాగే పెట్టి పోయారు. జీఎస్టీ గడువు ముందు ఫైళ్లన్నీ లాక్ అయిపోయాయి, డబ్బు కట్టమని నోట్‌ప్యాడ్‌లో మెసేజ్. బ్యాకప్ డ్రైవ్ కూడా అదే కంప్యూటర్‌కి తగిలించి ఉంది, అదీ పోయింది. లేట్ ఫీజు ఆయన కట్టాడు. పెట్టినవాడు మాత్రం ఫోన్ ఎత్తలేదు.

శీను_సర్వీస్:
ఫోన్ ఎత్తలేదంటే నన్నేనా? నేను రాత్రి పదకొండుకి కూడా ఎత్తుతాను. అదే నా ఖర్మ. వీపీఎన్ పెట్టి వస్తే ఏమవుతుందో మీలో ఎవరికైనా తెలుసా? ఓనర్ కొత్త ఫోన్ కొంటే నాకు కాల్. వాళ్లబ్బాయి యాప్ డిలీట్ చేస్తే నాకు కాల్. ఇచ్చేది ఐదొందలు, అదీ బేరమాడి. పోర్టు మార్చి వస్తే మళ్లీ పిలవరు.

లక్ష్మి_నెట్‌వర్క్:
అలా చెప్పండి మరి. అది చాలు అని ఇందాకటి నుంచి మీరంటున్నది భద్రత గురించి కాదన్నమాట, మీకొచ్చే ఫోన్ల గురించి. సుఖం మీది, పోతే నష్టం కొట్టాయనది. ఆ సంగతి ఆయనకి చెప్పే పెడుతున్నారా?

శీను_సర్వీస్:
చెప్పాను ఒకాయనకి. రిస్క్ ఉంది, సరిగ్గా పెట్టాలంటే మూడు వేలవుతుందని. మర్నాడు వేరే కుర్రాణ్ని పిలిచి డీఎంజెడ్ పెట్టించుకున్నాడు. మీది జీతం ఉద్యోగం, మీరు ఎన్నైనా చెప్తారు.

లక్ష్మి_నెట్‌వర్క్:
నా జీతం సంగతి మీకెందుకు? చెప్పినా వినని ఆయన వేరు. మిగతా కొట్లవాళ్లకి ఒక్క మాటైనా చెప్పారా అనే నేనడిగింది.

నల్గొండ_రవి:
బ్యాకప్ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఎరువులకొట్టు:
పెన్‌డ్రైవ్‌లో ఉంది రవి గారూ, విడిగా ఇంట్లోనే. డీఎంజెడ్ తీసేద్దామంటే రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఆ కుర్రాడి దగ్గరే ఉండిపోయింది, అడిగితే రేపు వస్తానంటున్నాడు. అందుకని కంప్యూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆఫ్ చేసేశాను. శీను గారూ, వీపీఎన్ పద్ధతిగా పెట్టి, ఏడాది చూసుకోవడానికి ఎంత తీసుకుంటారు?

శీను_సర్వీస్:
రౌటర్ మోడల్ ఫోటో పంపండి, వైర్‌గార్డ్ లేకపోతే రౌటర్ ఖర్చు మీదే. ఏడాదికి ఆరు వేలు, సగం ముందు. ఆదివారం ఫోన్లు ఎత్తను.