నేత ఇళ్లలో పని తగ్గింది నిజంగా మిషన్ల వల్లేనా? మీరు చూసింది రాయండి

కొయ్యలగూడెం_కుర్రాడు:
మాది చౌటుప్పల్ దగ్గర. అమ్మానాన్న ఇప్పటికీ ఇక్కత్ నేస్తారు, నేను మాత్రం హైదరాబాద్‌లో ఉద్యోగం. కేంద్రం లెక్కలో చేనేత పనివాళ్లు 2009-10లో 43.31 లక్షల మంది, 2019-20 నాటికి 35.22 లక్షలు. దాదాపు ఎనిమిది లక్షల మంది తగ్గారు, ఎందుకని ఎవరిని అడిగినా "మిషన్లొచ్చాయి కదా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకు అది సగం కూడా నిజం కాదనిపిస్తుంది. మీ ఇంట్లో దెబ్బ కొట్టింది ఏది? మిషనా, నూలు ధరా, గవర్నమెంటు నిర్ణయమా?

సిరిసిల్ల_సాంచె:
తమ్ముడూ, మా ఊళ్లో మిషన్ వచ్చి పని పోలేదు, మిషనే మా పని. తాత గుంట మగ్గం నేసేవాడు, నాన్న సాంచెల (కరెంటుతో నడిచే పవర్‌లూమ్‌ల) మీదికి మారాడు. ఒక్క మనిషి ఆరు ఎనిమిది సాంచెలు చూసుకోవాలి, ఆ చప్పుడుకి నాన్న చెవులు దెబ్బతిన్నాయి, ఇప్పుడు ఫోన్‌లో గట్టిగా అరిస్తే తప్ప వినపడదు. కూలి మీటరు లెక్కన, సాంచె ఆగితే ఆ పూట కూలి లేదు. పని లేక మహారాష్ట్రలోని భివండి పోయిన మా బాబాయి వాళ్లు 2017లో బతుకమ్మ చీరలు మొదలయ్యాక తిరిగొచ్చారు. ఏడాదికి దాదాపు కోటి చీరలంటే ఊరంతా పనే కదా. 2023 చివర్లో ప్రభుత్వం మారింది, ఆ చీరలు ఆగిపోయాయి, అప్పటికే నేసిన బట్టకు రావాల్సిన డబ్బులూ ఆగాయి. 2024లో సాంచెలు బంద్. కూలీలు సాంచెలు నడిపించే ఆసామిని అడిగితే ఆసామి నూలిచ్చి నేయించే సేటును చూపిస్తాడు, సేటు సర్కారును చూపిస్తాడు. తర్వాత మహిళా సంఘాల చీరల ఆర్డర్ వచ్చి మళ్లీ తిరిగాయి. ఏ పార్టీ అని కాదు నా బాధ, ఊరు మొత్తానికి ఒక్కడే కొనేవాడు ఉండటం గురించి చెప్తున్నా.

ఆలేరు_కోడలు:
మిషన్ల మీద కోపంగా ఉన్నవాళ్లు ఆసు మిషన్ గురించి ఒకసారి తెలుసుకోండి. ఇక్కత్ పనిలో రంగు అద్దకానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రంలా కొట్టిన మేకుల చుట్టూ దారాన్ని ఒక్కో చీరకు వేలసార్లు చేత్తో తిప్పాలి, అదంతా ఆడవాళ్ల పనే. మా అత్తమ్మ కుడి భుజం ఇప్పటికీ పైకి లేవదు, జడ వేసుకోవాలన్నా నేనే వేయాలి. మా పక్క ఊరు శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే బాధ చూడలేక 1999లో మిషన్ తయారు చేశారు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. చేత్తో పూటంతా పట్టే పని దాని మీద గంటన్నరకి అయిపోతుంది. ఆ మిషన్ మా ఇంట్లో మగ్గాన్ని నిలబెట్టింది. మమ్మల్ని దెబ్బ కొట్టింది మా డిజైన్‌ని పాలిస్టర్ మీద ప్రింటు వేసి "పోచంపల్లి" అని అమ్మేవాళ్లు. పోచంపల్లి ఇక్కత్‌కి జీఐ గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతం సరుకుకే చెందాలన్న హక్కు, వచ్చి ఇరవై ఏళ్లు. కానీ బజారులో పది దుకాణాలు తిరిగి కేసు పెట్టే తీరిక మగ్గం మీద కూర్చున్నవాడికి ఎక్కడుంది అన్నా?

చీరాల_బాబాయ్:
అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం తెచ్చినప్పుడు 22 రకాలు చేతిమగ్గానికే అన్నారు, 1996కి వాటిని 11కి కుదించారు, ఆ పదకొండైనా పవర్‌లూమ్ మీద నేయకుండా ఆపేవాడు లేడు. నేను చాలాకాలం ఒక సొసైటీలో లెక్కలు రాశాను కాబట్టి నూలు సంగతి చెప్తాను. చేతిమగ్గానికి నూలు చిలపల్లో, అంటే చుట్టలుగా, కావాలి. మిల్లులు దేశంలో అమ్మే నూలులో 40 శాతం చిలపలుగా ఇవ్వాలన్న నిబంధనను 2019లో 30కి దించారు. 2017లో జీఎస్టీ వచ్చి నూలు మీద 5 శాతం పడింది. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి కట్టిన పన్నుని తాను అమ్మేటప్పటి పన్నులో సర్దుకుంటాడు, ఇంట్లో నేసుకునేవాడికి ఆ దారి లేదు. 2020లో అఖిల భారత చేనేత బోర్డు రద్దు చేశారు, మన మాట ఢిల్లీలో చెప్పుకునే చోటు అదొక్కటి ఉండేది. 2022లో పత్తి క్యాండీ (356 కిలోల దూది) లక్ష రూపాయలు దాటినప్పుడు నూలు రేటు వారం వారం పెరిగింది, చీర రేటు మాత్రం నూలిచ్చి నేయించుకునే మాస్టర్ వీవర్ ఒక్క రూపాయి పెంచలేదు. ఆ తేడా అంతా నేసేవాడి కూలిలోంచే పోయింది.

ఆదిలాబాద్_రైతుబిడ్డ:
బాబాయ్, కోపం తెచ్చుకోకండి, ఆ ఏడాదే మా ఇంట్లో అప్పు తీరింది. క్వింటాలు పత్తి పదివేలు దాటడం నాన్న అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ధర పెరగగానే దిగుమతి మీద 11 శాతం సుంకం ఎత్తేశారు. మళ్లీ 2025 ఆగస్టులో, అమెరికా మన సరుకు మీద 50 శాతం టారిఫ్ వేసిన సమయంలో, మిల్లుల కోసం అదే సుంకం ఇంకోసారి తీసేశారు, సరిగ్గా మా పంట మార్కెట్‌కి వచ్చే ముందు. నేతన్నకి నూలు చవకగా రావాలి, మేము కాదనం, కానీ ఆ చవక మా పత్తి ధర కోసి ఇవ్వడం ఏం న్యాయం?

చీరాల_బాబాయ్:
కోపమెందుకు నాయనా. నువ్వు అడిగింది న్యాయమే. సుంకం తీసినా నూలు రేటు మా దాకా వచ్చేసరికి పెద్దగా తగ్గలేదు, మధ్యలోనే ఆగిపోయింది. రైతుకి ధర ఇచ్చి, చిలప నూలు సబ్సిడీ నేసేవాడి ఖాతాలోకే నేరుగా వేస్తే ఇద్దరం బతుకుతాం.

మంగళగిరి_పద్మ:
ఖాతాలో వేసినా అందరికీ రాదు బాబాయ్ గారూ. 2019 డిసెంబర్‌లో మన దగ్గర నేతన్న నేస్తం మొదలైంది, ఏడాదికి 24,000, మా మేనమామకి ఎంతో ఆసరా అయింది. కానీ సొంత మగ్గం ఉన్నవాళ్లకే ఇచ్చారు. మేము మాస్టర్ వీవర్ షెడ్డులో నేసేవాళ్లం, రోజంతా అదే పని చేసినా మా ఇంటికి ఒక్క రూపాయి రాలేదు.

కొయ్యలగూడెం_కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఒక సందేహం, మా ఇంట్లో చేనేత గుర్తింపు కార్డు నాన్న ఒక్కడికే ఉంది. ఆసు పోసేది, కండెలు చుట్టేది, సగం రోజు మగ్గం మీద కూర్చునేది అమ్మే. ఆమెకి విడిగా వస్తుందా?

ఆలేరు_కోడలు:
వస్తుంది తమ్ముడూ, అడగాలి అంతే. నేత నేసేవాళ్లనే కాదు, ఆసు, కండెలు, అద్దకం లాంటి పనులు చేసేవాళ్లనీ నువ్వు చెప్పిన కేంద్రం లెక్కలో చేనేత పనివాళ్లుగానే రాశారు, నేసేవాళ్లలోనూ పదిమందిలో ఏడుగురు ఆడవాళ్లే. మా ఇంట్లో కూడా మొదట మామయ్య పేరే రాసుకున్నారు. అమ్మ ఆధార్, బ్యాంకు పాసుబుక్కు తీసుకుని జిల్లా చేనేత జౌళి శాఖ ఆఫీసుకి నువ్వే వెంట తీసుకెళ్లు, దరఖాస్తు ఇచ్చాక రసీదు మాత్రం తప్పకుండా అడిగి తీసుకో.