అప్‌డేట్: ప్రజావాణిల ఎట్ల మాట్లాడాలె అని అడిగిన కదా

సోమవారం నల్గొండ కలెక్టరేట్‌ల ప్రజావాణికి (జనం తమ సమస్యలు అధికారులకు చెప్పుకునే కార్యక్రమం) పోతే అధికారి ముందర మాట ఎట్ల మొదలుపెట్టాలె అని అడిగిన. మీరు చెప్పిన పద్ధతి పనిచేసింది, అందరికీ దండాలు.

పేరు, ఊరు, మండలం చెప్పంగనే సమస్యకే రావాలె: "సార్, మా వాడకట్టుకు 20 రోజుల సంది మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తలేవు. వాల్వు కాడ పైపు పగిలింది. బాగుచేయించుండ్రి." అర నిమిషం గూడ పట్టదు. పాత పంచాయితీ కాడి నుంచి ఎత్తుకుంటేనే చెడుతది. వెనక లైన్ పెద్దగుంటది, అసలు ముచ్చట రాకముందే కాగితం ఇచ్చి పొమ్మంటరు. ఇంట్ల రెండుమూడు సార్లు గట్టిగ చెప్పి చూసుకుంటే గొంతు వణుకుడు తగ్గుతది.

దరఖాస్తు రెండు కాపీలు ఉండాలె. పైన విషయం ఒక్క లైన్ల, కింద తేదీ, ఫోన్ నంబర్, పగిలిన పైపు ఫొటో. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర ఏయించుకోవాలె.

దరఖాస్తు నంబరు రాసుకొని, "ఏ ఆఫీసుకు పంపుతున్నరు సార్?" అని అక్కడనే అడగాలె. చాలామంది మరిచేది ఇదే. తర్వాత ఫోన్ల "నా పని ఏమైంది" అంటే జవాబు దొరకదు, నంబరు, తేదీ చెప్పి "ఇప్పుడు ఎవరి దగ్గరున్నది?" అంటే దొరుకుతది.

పైపు మార్చిన్రు. నీళ్లొస్తున్నయి.