ఉన్నతవిద్య పరిశోధకుల సంఘం ‘ఆష్’ ఎలా పుట్టింది?

మంజీర: అమెరికాలో ఉన్నతవిద్య విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కమ్యూనిటీ కాలేజీల (ఇక్కడి రెండేళ్ల కాలేజీలు) నుంచి విశ్వవిద్యాలయాలకు మారే విద్యార్థులు నా అంశం. అసోసియేషన్ ఫర్ ద స్టడీ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్, అంటే ఆష్, సదస్సుకు పత్రం పంపమన్నారు మా గైడు. ఇంటికి ఫోను చేసి చెబితే నాన్నగారు, “మన ఢిల్లీలో విశ్వవిద్యాలయాల సంఘం ఉంది, అలాంటిదేనా?” అన్నారు. కాదన్నాను, అంతకుమించి చెప్పలేకపోయాను. దీన్ని ఎవరు, ఎందుకు పెట్టారు?

గోదారిగట్టు: ఢిల్లీ సంఘంలో సభ్యత్వం విశ్వవిద్యాలయాలది. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డుగా మొదలైంది. ఆష్‌లో చేరేది మనుషులు: ప్రొఫెసర్లు, పరిశోధకులు, మీలాంటి విద్యార్థులు.

ఉన్నతవిద్యనే ఒక పాఠంగా చెప్పడం 1893లో క్లార్క్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. చెప్పినవారు జి. స్టాన్లీ హాల్, అక్కడి అధ్యక్షుడు, మనస్తత్వ శాస్త్రవేత్త. ఆ తర్వాత చాలాకాలం దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. అసలు ఊపు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చింది. 1959లో అమెరికా కళాశాలల్లో సుమారు 36 లక్షల మంది ఉంటే, 1970కి ఆ సంఖ్య 85 లక్షలు దాటింది. అంతమందిని చూసుకోవడానికి డీన్లు కావాలి, అడ్మిషన్ల అధికారులు కావాలి. వాళ్లను తయారుచేసే కోర్సులు పెరిగాయి, ఆ కోర్సులు చెప్పే ప్రొఫెసర్లూ పెరిగారు. 1972లో ఆ ప్రొఫెసర్లు ఒక సంఘం పెట్టుకున్నారు. అదీ సొంత గూడు కాదు, ఏఏహెచ్‌ఈ (అమెరికన్ అసోసియేషన్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్) అనే పెద్ద సంస్థ పంచన. 1976లో వేరుపడి ఆష్ అయింది. ‘ద రివ్యూ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్’ దీని పత్రికే.

తమాషా ఏమిటంటే, నీడనిచ్చిన ఆ పెద్ద సంస్థే 2005లో మూతపడింది. అధ్యక్షులు, డీన్లు, అధ్యాపకులు అందరినీ ఒక్క గొడుగు కిందికి తేవాలని చూసింది. చివరికి సభ్యులూ తగ్గారు, డబ్బూ తగ్గింది. ఆష్ అంత ఆశకు పోలేదు, తన పని పరిశోధన అనుకుంది. నిలబడింది అందుకేనని నా అభిప్రాయం. మా చదువు రోజుల్లో ‘ఆష్ రీడర్’ అని ఇటుకల్లాంటి వ్యాస సంకలనాలు ఉండేవి. సగం సిలబస్ వాటిలోనే దొరికేది. లైబ్రరీలో ఒక్కటే ప్రతి, పరీక్షల ముందు దానికోసం మాలో మాకు మాటలుండేవి కావు!

లెక్కలపద్దు: గోదారిగట్టు గారు మమ్మల్ని మరిచారు. ఎంతమంది చేరారు, మొదటి ఏడాది తర్వాత ఎంతమంది మిగిలారు అని లెక్కతీసి అధ్యక్షుడి బల్లమీద పెట్టే ఉద్యోగం నాది. మా వాళ్లు 1960ల మధ్యలోనే వేరు కుంపటి పెట్టుకున్నారు: అసోసియేషన్ ఫర్ ఇన్‌స్టిట్యూషనల్ రీసెర్చ్, ఫ్లోరిడాలోని టాలహసీ దాని నెలవు. ఆష్‌లో “మీ సిద్ధాంతం ఏది?” అని నిలదీస్తారు, మా దగ్గర “ఈ సంఖ్య ఎక్కడిది?” అని. నాకు రెండో ప్రశ్నే నయం.

నల్లమల: బ్రిటన్ సంగతి ఇంకా విచిత్రం. ఉన్నతవిద్యను విస్తరించాలంటూ 1963లో రాబిన్స్ కమిటీ నివేదిక వచ్చాక అక్కడా ఇలాంటి సొసైటీ ఏర్పడింది. దానికి ఆద్యుడు నికొలస్ మాలెసన్ అనే వైద్యుడు. లండన్‌లో విద్యార్థుల ఆరోగ్యం చూసేవారు. చదువు మధ్యలో ఎందుకు మానేస్తున్నారు, ఎందుకు తప్పుతున్నారు అన్న ఆరా ఆయనను అటు నడిపించింది.

మంజీర: అందరికీ ధన్యవాదాలు. నాన్నగారికి చదివి వినిపిస్తాను. లెక్కలపద్దు గారూ, మరి నా పత్రం ఎక్కడికి పంపమంటారు?

లెక్కలపద్దు: మీ గైడు చెప్పినట్టు ఆష్‌కే పంపండమ్మా. కానీ మారిన విద్యార్థుల వివరాలు మీ విశ్వవిద్యాలయంలో నాలాంటివాడి దగ్గరే ఉంటాయి. అనుమతులకు నెలలు పడుతుంది, దరఖాస్తు ఈ వారమే పెట్టండి.