అప్‌డేట్: డ్రసీనా ఆకుల కొసలు మాడటం ఆగింది

నల్లగొండలో మా బోరు నీళ్లు పోస్తున్న డ్రసీనా, స్పైడర్ మొక్కల ఆకుల కొసలు ఎండిపోతున్నాయని, ఏ నీళ్లు పోయాలని రెండు నెలల క్రితం అడిగాను. కారణం ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడేనని ఇప్పుడు నమ్మకం కుదిరింది; అది వేళ్ల ద్వారా ఎక్కి ఆకు కొసల్లో పేరుకుంటుంది, ఈ రెండు జాతులూ దానిని తట్టుకోలేవు. బకెట్‌లో రాత్రంతా ఉంచితే క్లోరిన్ తగ్గుతుంది గానీ ఫ్లోరైడ్ పోదు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. అందుకే డాబా మీద తొలి వానను వదిలేసి, తరువాతి వాన నీటిని మూత ఉన్న డ్రమ్ములో పట్టి, కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పోసి, పేరుకున్న లవణాలను కడిగాను. సూపర్ ఫాస్ఫేట్ ఎరువులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది కనుక దానినీ మానేశాను. మాడిన కొసలు మళ్లీ పచ్చబడవు, అయితే కొత్తగా విప్పుకున్న నాలుగు డ్రసీనా ఆకులు కొసదాకా నిగనిగలాడుతున్నాయి. వానలు తగ్గాక ఆర్వో నీళ్లు పోస్తాను.