‘డూ హస్ట్’లో ఉన్న శ్లేష తెలుగులో కుదురుతుందా?

రామ్‌స్టైన్ అని బెర్లిన్ ఇండస్ట్రియల్ మెటల్ బ్యాండు. 1997లో వచ్చిన వాళ్ల రెండో ఆల్బమ్ ‘జేన్‌జుఖ్ట్’లోది ఈ పాట. రెండు వారాలుగా బస్సులో ఇదే వింటున్నాను. ఆ మోత మీకు పడకపోవచ్చు. నా సందేహం మాట గురించి.

జర్మన్‌లో ‘హస్ట్’ ఇక్కడ సహాయక క్రియ. అలా వాడినప్పుడు దానికి సొంతంగా పెద్ద అర్థం ఉండదు, అసలు క్రియ వాక్యం చివర వస్తుంది. అదే మాటను ఇంకో ‘ఎస్’ చేర్చి రాస్తే ‘ద్వేషిస్తున్నావు’. చెవికి రెండూ ఒకటే. గాయకుడు టిల్ లిండెమాన్ ముందు ‘డూ’ అని ఆగుతాడు. ‘డూ హస్ట్’ అని ఆగుతాడు. ‘డూ హస్ట్ మిఖ్’ అని మళ్లీ ఆగుతాడు. అప్పటికి మనకు వినబడేది ‘నువ్వు నన్ను ద్వేషిస్తున్నావు’. ఆ తర్వాత తీరిగ్గా ‘గెఫ్రాగ్ట్’ అంటాడు. అంతే, అది ‘నువ్వు నన్ను అడిగావు’ అయిపోతుంది! అడిగింది పెళ్లి ప్రమాణం: చావు విడదీసేదాకా ఆమెకు నమ్మకంగా ఉంటావా అని. జవాబు ‘నైన్’, అంటే ‘ఉండను’.

ఇంగ్లిష్‌లో మళ్లీ పాడినప్పుడు ‘యూ హేట్’ అనేశారు. శ్లేష చచ్చిపోయి తిట్టు మిగిలింది. తెలుగులో ఏమైనా చేయగలమా?

జవాబు: ‘వేడావు’, ‘వీడావు’ పెట్టి చూడండి. బతిమాలడం ఒకటి, వదిలేయడం ఒకటి.

జవాబు: బాగుంది కానీ అచ్చు మారింది మాస్టారూ, చెవి పట్టేస్తుంది. శ్లేషలో ధ్వని మారకూడదు. అన్నట్టు ఆ ఇంగ్లిష్ పాట అక్కర్లేకుండానే ఆల్బమ్ నడిచింది. జర్మనీలో మొదటి స్థానం, అమెరికాలో ప్లాటినం, అంటే పది లక్షల కాపీలు. ఈ పాటకు గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. అర్థం తెలియనివాళ్లే ఎక్కువమంది కొన్నారన్నమాట. వాళ్ల దేశంలోనేమో లిండెమాన్ ‘ర’ను నాలుక మీద దొర్లించడం కొందరు విమర్శకులకు నాజీ ఉపన్యాసాల్లా వినిపించింది. మనకైతే అది బండి ‘ఱ’, భయమెందుకో!

జవాబు: ఆల్బమ్ పేరు గురించి ఒక్క మాట. దాన్ని ‘విరహం’ అని అనువదించకండి. ‘జుఖ్ట్’ అంటే ఇప్పుడు వ్యసనం, పాత వాడుకలో జబ్బు. పచ్చకామెర్లకు జర్మన్ మాట ‘గెల్బ్‌జుఖ్ట్’. మనకు ‘బెంగ’ ఉంది కదా, పిల్లలు బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకుంటారు. నా ఓటు దానికే.

జవాబు: శ్లేష కోసం వెతకడమే తప్పుదారి అనుకుంటాను. ఆ పాటలో బలం ఆలస్యంలో ఉంది. జర్మన్‌లో అసలు క్రియ చివరికి జరుగుతుంది కాబట్టి సాగదీయగలిగాడు. మనకు అంతకంటే మంచి వసతి ఉంది, ‘లేదు’ చివర వస్తుంది. ‘నువ్వు నన్ను కాదన...’ అని ఆగండి. విన్నవాడి గుండె జారిపోతుంది. ఆ తర్వాత ‘...లేదు’ అనండి. సంస్కృతంలో పెళ్లికొడుకు ‘నాతిచరామి’ అంటాడు, అందులో ‘న’ మొదటే వచ్చేస్తుంది, టెన్షనే లేదు.

జవాబు: ఒప్పుకోను. అక్కడ రెండు మాటలు ఒకే ధ్వనిలో ఉన్నాయి, ఇక్కడ సగం మాట ఉంది. ఇది శ్లేష కాదు, ఊరించడం.

మొదట అడిగినవాణ్ణి: శ్లేష కాదన్నది నిజమే. అయినా నిన్న వంటింట్లో ప్రయత్నించాను. ‘చూడు, నేను నిన్ను ఎప్పుడూ కాదన...’ అని ఆగాను. మా ఆవిడ పోపు గరిటె పట్టుకునే ఇటు తిరిగింది. ‘లేదు’ అనేలోపు ఆవాలు మాడిపోయాయి.