కవళ్ళు, నెత్తళ్ళు: మనిషి కూరకా, రొయ్య మేతకా?

ఉప్పాడ కెరటం
సూటిగా అడుగుతున్నాను. మనుషులు తినే కవళ్ళు, నెత్తళ్ళు లాంటి చిన్న చేపలను ఫిష్‌మీల్ (మేతలో కలిపే చేపల పిండి) మిల్లులకు అమ్మకూడదని ప్రభుత్వం నియమం పెట్టాలా, వద్దా? నేనైతే పెట్టాలనే అంటాను. మా అమ్మ, పిన్ని గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్ళే. ఇప్పుడు వేలంలో మిల్లు ఏజెంటు బోటు సరుకంతా ఒక్క పాటలో ఎత్తుకుపోతున్నాడు. రెండు గంపలు చాలనే ఆడవాళ్ళకు మిగిలేది నలిగిన సరుకే. ఎండబెట్టడానికి చేపే లేకపోతే ఎండు చేపల బేరం ఎక్కడిది? కిలో ఫిష్‌మీల్‌కు నాలుగైదు కిలోల పచ్చి చేప పోతుంది. అది రొయ్యకు, ఆ రొయ్య అమెరికాకు.

భీమవరం చెరువుగట్టు
తమ్ముడూ, రొయ్యను తిట్టడం తేలిక. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు దాని మీద నడుస్తున్నాయో కూడా చూడు. మా ఖర్చులో పెద్ద భాగం మేతదే. ఫిష్‌మీల్ దొరక్కపోతే కంపెనీవాడు బస్తా రేటు పెంచుతాడు, మాకు కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి ఇచ్చే ధర) మాత్రం ఎవడూ పెంచడు.

ఇంకో మాట. కవళ్ళు ఒక్కసారిగా కుప్పలుగా పడిన రోజు ఏం చేస్తారు? ఐసు చాలదు. అసలే నూనె చేప, మధ్యాహ్నానికి మెత్తబడిపోతుంది. ఆ రోజు మిల్లువాడు కూడా రాకపోతే ఇసుకలో పూడ్చుకోవాలి. పైగా మిల్లుకు వెళ్ళే దాంట్లో ట్రాలర్ల (వల ఈడ్చే మరబోట్ల) ట్రాష్, అంటే కూరకు పనికిరాని చిల్లర చేప కూడా బోలెడు. దాన్ని మీ అమ్మగారు కూడా కొనరు.

ఉప్పాడ కెరటం
అన్నా, నేను అడిగింది తాజా చేప గురించి. మీరు ట్రాష్ అంటున్న దాంట్లో పెరగాల్సిన పెద్ద చేపల పిల్లలు ఎన్ని ఉంటాయో ఒకసారి హార్బర్‌కొచ్చి గంప తిరగేసి చూడండి.

తీరం లెక్కలు
పోస్ట్‌డాక్‌లో (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనలో) నా పని ఈ చేపల మీద, వీటి మీద బతికే ఊళ్ళ మీద. పెద్ద చేపలకూ పక్షులకూ ఆహారమవుతాయి కాబట్టి వీటిని మేత చేపలంటాం. పూర్తి నిషేధం నాకు నచ్చదు. అలాగని ఇప్పుడున్నట్టు వదిలేయడమూ కుదరదు.

పెరూలో నెత్తళ్ళ జాతి చేపను దాదాపు అంతా పిండి చేయడానికే పట్టారు. 1970లో కోటీ 20 లక్షల టన్నులు దాటిన పట్టుబడి 1973కి 20 లక్షల లోపుకు పడిపోయింది. ఎల్‌ నినో అనే వాతావరణ మార్పుతో పసిఫిక్‌ నీళ్ళు వేడెక్కాయి, అప్పటికే అతిగా పట్టి ఉన్నారు. రెండూ కలిసి దెబ్బకొట్టాయి. మన దగ్గర కేరళ చూడండి. 2012లో నాలుగు లక్షల టన్నులకు దగ్గరగా వచ్చిన కవళ్ళు 2021లో మూడు వేల పైచిలుకు టన్నులే. తర్వాత మళ్ళీ లక్ష దాటాయి. అంటే ఈ చేప సముద్రం మూడ్‌ను బట్టి తనంతట తానే పెరుగుతుంది, తగ్గుతుంది.

ఇక్కడే శాస్త్రవేత్తలకూ పడదు. సముద్ర పక్షులకు కావాలంటే మేత చేపల గరిష్ఠ రాశిలో కనీసం మూడో వంతు సముద్రంలోనే ఉండాలని 2011లో ఒక అధ్యయనం చెప్పింది. చేపల వేటకూ పక్షుల సంఖ్యకూ అంత నేరుగా లంకె పెట్టలేమని, వాతావరణం పాత్రే పెద్దదని 2017లో అమెరికా చేపల శాస్త్రవేత్త రే హిల్‌బోర్న్ బృందం వాదించింది. నా లెక్కలో రెండో వాదన నిజమైనా జాగ్రత్త పెరగాలి గానీ తగ్గకూడదు. తనంతట తాను తగ్గే ఏడాది కూడా మిల్లు యంత్రం ఆకలి తగ్గదు కదా. కూర కోసం కొనేవాళ్ళు రేటు పెరిగితే వేరే చేప చూసుకుంటారు. మిల్లుకు అప్పులున్నాయి, సరుకు కావాల్సిందే.

సెనెగల్, గాంబియాల్లో కవళ్ళ జాతి చేపను పొగబెట్టి, ఎండబెట్టి అమ్మే ఆడవాళ్ళు మిల్లులతో పోటీపడి కొనలేకపోతున్నారు. కెరటం గారి అమ్మగారి బాధ అదే.

నేను కోరేది రెండే. పిల్ల చేపను పట్టడం, మిల్లుకు కొనడం రెండూ ఆగాలి. కేరళలో 10 సెంటీమీటర్ల లోపు కవళ్ళు పట్టకూడదని 2015లోనే నియమం పెట్టారు. రెండోది, వేలంలో మొదటి పాట గంపలవాళ్ళది కావాలి. మిగిలింది మిల్లుకు పోనివ్వండి.

భీమిలి అలివి వల
మేడమో సారో తెలీదు గానీ, మీవాళ్ళు వచ్చి స్కేలు పెట్టి చేప కొలిచి, ఫొటో తీసుకుని పోతారు. ఆ కాగితంలో ఏం రాశారో మాకు ఒక్కరూ చెప్పరు. నియమాలు మాకూ ఉన్నాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోటు రాకూడదు. ఎవరు ఆగుతున్నారు? 2022 జనవరిలో రింగు వలల గొడవకి విశాఖలో పడవలు తగలబడ్డాయి. గుంపుకి గుంపు చుట్టేసే వల ఉన్నంతకాలం వేలంలో మొదటి పాట ఎవరిదైతే ఏంటి?

తీరం లెక్కలు
కాగితం సంగతి న్యాయమైన మాటే. మేం పనిచేసిన ఊళ్ళలో ఫలితాలు తెలుగులో చదివి వినిపించాలనే షరతు ముందే పెట్టుకున్నాం, అందరూ పెట్టుకోరు. రింగు వల మీద మీతో సగం ఏకీభవిస్తాను. గొడవ వల పేరు మీద కాదు, వల కన్ను (రంధ్రం) సైజు మీద, ఒడ్డు నుంచి దూరం మీద జరగాలి.

భీమవరం చెరువుగట్టు
పిల్ల చేప కొనొద్దంటే నాకు అభ్యంతరం లేదు. ఈ ఏడాది పిల్లను పిండి చేస్తే వచ్చే ఏడాది మేత రేటు పెరిగేది నాకే. కానీ వేటాడేవాడు కన్ను పెద్దది చేయాలంటే వల మొత్తం మార్చాలి. ఆ డబ్బు ఎవరిస్తారు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపినందుకు ఇచ్చే భృతిలాగా దీనికీ ఏదైనా ఉంటే చెప్పండి, మా రైతు సంఘం తరఫున సంతకం పెడతాను.